యాభైమూడు పూసలు

"అవునండీ" అన్న ఒక్క మాట అమలమ్మని మూడు రోజులుగా కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

శనివారం పొద్దున డాన్సు టీచరు రాజ్యలక్ష్మి గారు సత్యనారాయణపురం నుంచి రిక్షా కట్టించుకుని గుణదల వచ్చింది. చెక్కతో నగలు చేసే అమలమ్మ ఇల్లు వెతుక్కుంటూ కాలవగట్టు మీదికి నడిచి వచ్చింది. గుమ్మంలో అడుగు పెట్టగానే గోడమేకుకి వేలాడుతున్న పూసలదండ మీద ఆమె కన్ను పడింది. "ఇది నువ్వే చేశావా?" అని అడిగింది. "అవునండీ" అంది అమలమ్మ. ఆ దండ అమలమ్మ చేసింది కాదు. తోడికోడలు శౌరమ్మ చేసింది. ఉప్పెనలో పోయిన మొగుడు లాజరు పేర పూజ చెప్పించడానికి శౌరమ్మ ఆ సమయంలో కొండమీద మరియమ్మ గుడికి వెళ్ళి ఉంది. "మా మాస్టారికి చూపించాలి" అంటూ రాజ్యలక్ష్మి గారు దండని సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

శౌరమ్మ కొండ దిగి వచ్చింది. ఖాళీ మేకు వైపు చూసింది. ఏమీ అడగలేదు. ఆదివారం అడగలేదు, సోమవారమూ అడగలేదు. అడిగితే బాగుండునని అమలమ్మకి అనిపించింది. అడిగితే పోట్లాడొచ్చు. పోట్లాటలో తన తప్పు చిన్నదైపోవచ్చు.

అమలమ్మకి పెళ్ళయి పదకొండేళ్ళు. పిల్లల్లేరు. భర్త మరియదాసు గవర్నరుపేటలో ఒక ఫర్నిచరు షాపులో వడ్రంగి మేస్త్రీ. పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం అతను చొక్కా జేబులోంచి అగ్గిపెట్టెంత ఇరుగుడు చెక్క తీసి "పారేస్తుంటే తెచ్చాను. రంగు చూడు" అన్నాడు. ఆమె దాన్ని చాకుతో చెక్కి, గాజుపెంకుతో గీకి నునుపుచేసి, కొబ్బరినూనె పట్టించి లోలాకులు చేసుకుంది. వాటిని పెట్టుకుని ఆదివారం పూజకి వెళ్తే గుళ్ళో ఆడవాళ్ళంతా ఆమె చెవులే చూశారు. ఆనాటి నుంచి మరియదాసు ఏ సాయంత్రమూ ఉత్త జేబుతో ఇంటికి రాలేదు. వన్‌టౌన్‌లో పాత మేడలు పడగొడుతుంటే కిటికీ చట్రం ముక్క, విరిగిన బండిచక్రం ఆకు, పడవ తెడ్డు కొస, ఏదో ఒకటి తెచ్చేవాడు. అవి అమలమ్మ చేతిలో కమ్మలయ్యేవి, గాజులయ్యేవి, గొలుసులయ్యేవి. బీసెంటు రోడ్డులో రెండు ఫ్యాన్సీ షాపులవాళ్ళు అడిగి మరీ తీసుకునేవారు. వీధిలో ఆమెని 'కొయ్యనగల అమలమ్మ' అనేవారు. ఆ పేరంటే ఆమెకి ప్రాణం.

పోయిన నవంబరులో ఉప్పెన వచ్చింది. నాగాయలంక దగ్గర చేపలు పట్టుకునే తమ్ముడు లాజరు ఇక లేడని తెలిసి, మరియదాసు వెళ్ళి సహాయశిబిరంలో ఉన్న మరదల్ని తీసుకొచ్చాడు. శౌరమ్మ ఒంటిమీద ఎవరో ఇచ్చిన చీర, చేతిలో గోనెసంచీలో చుట్టిన ఒక చెక్కపలక, అంతే. "ఆ చెక్కెందుకు మోసుకొచ్చావే?" అని అడిగితే సంచీని మంచం కింద పెట్టుకుంది. ఆ మొదటి నెలల్లో అమలమ్మే ఆమెకి అన్నం కలిపి పెట్టింది. ఈస్టరుకి ముందు తపస్సుకాలంలో చాకు చేతికిచ్చి "చేతులకి పని ఉంటే మనసు కుదుటపడుద్ది" అని చెప్పింది. పూస ఎట్టా చెక్కాలో తనే నేర్పింది.

జూన్ వచ్చేసరికి షాపాయన అమలమ్మ తెచ్చిన నగల్ని రెండు కుప్పలు చేసి, ఒక కుప్ప పక్కకి తోశాడు. "ఇవి బాగానే ఉన్నాయి. కానీ ఈసారి ఈ రకమే ఎక్కువ తెండి" అన్నాడు. ఆయన చెయ్యి పెట్టింది శౌరమ్మ చేసిన కుప్ప మీద.

దాన్ని అమలమ్మ ఎలాగో దిగమింగింది. జులైలో ఒక సాయంత్రం జరిగినదాన్ని మాత్రం దిగమింగలేకపోయింది. మరియదాసు సైకిలు స్టాండు వేసి లోపలికొచ్చాడు. జేబులోంచి చెక్కముక్క తీశాడు. చెయ్యి చాచబోతున్న అమలమ్మని దాటి నాలుగడుగులు వేసి, శౌరమ్మ ముందు పెట్టాడు. "చూడమ్మా, పనికొస్తుందేమో." మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

మొగుణ్ణి పోగొట్టుకుని వచ్చిన మనిషి మీద కుళ్ళుకుంటున్నానేమిటని అమలమ్మ తనని తానే తిట్టుకుంది. ఫాదరు దగ్గర పాపసంకీర్తనం చేసినప్పుడు కూడా కోపం వస్తోందని చెప్పింది గానీ, అసూయ అన్న మాట నోటికి రాలేదు. శౌరమ్మ పూస చెక్కుతుంటే వచ్చే కరకర శబ్దం వంటింట్లోకి వినపడితే చాలు, ఆమె చేతిలో గిన్నె ఠపీమని కింద పడేది. అలాంటి సమయంలోనే రాజ్యలక్ష్మి గారు వచ్చి ఆ ప్రశ్న అడిగింది.

మంగళవారం పదిగంటలకి రిక్షా మళ్ళీ వచ్చింది. ఈసారి రాజ్యలక్ష్మి గారితో ఒక పెద్దాయన దిగాడు. సన్నగా, నిటారుగా ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. ఆమెకి నాట్యం నేర్పిన వెంకటసుబ్బారావు మాస్టారు. సొంత ఊరు కూచిపూడి. అమలమ్మ బల్ల తుడిచి కూర్చోమంది. ఆయన కూర్చుని, సంచీలోంచి దండ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మా ఇంట్లో మూడు తరాల నగల పెట్టె ఉండేదమ్మా. కిరీటం, భుజకీర్తులు, జడబిళ్ళలు, అన్నీ కొయ్యవే. పైన బంగారు రేకు. ఆడేవాడి ఒంటిమీద బరువు ఉండకూడదు గదా. ఉప్పెన నాడు ఇంట్లోకి నీళ్ళొచ్చి పెట్టె నానిపోయింది. జిగురంతా ఊడి, ఎండబెడితే బీటలిచ్చాయి. ఈ దసరాకి మా మనవరాలు బెజవాడలో మొదటిసారి గజ్జె కడుతోంది. దానికి మొత్తం సెట్టు కొత్తగా చేయించాలి. ఈ పూస చూశాక, ఈ చెయ్యే చెయ్యాలనిపించింది."

అమలమ్మ ఆ మాటల్ని లోపల మళ్ళీ అనుకుంది. కిరీటం! భుజకీర్తులు! ఫ్యాన్సీ షాపు గాజు బీరువాలో కాదు, వేలమంది చూసే స్టేజీ మీద.

"ఎక్కడ ఏ కొయ్యముక్క దొరికినా వదలదండీ మా అమలమ్మ" అంది రాజ్యలక్ష్మి గారు. "వాళ్ళాయన మరియదాసే మా ఇంట్లో బీరువా చేశాడు. ఈవిడ సంగతి చెప్పిందీ అతనే."

మాస్టారు ఒక పూసని వేళ్ళ మధ్య తిప్పుతూ అడిగాడు. "పూస గుండ్రం చేశాక తొలిచావా, తొలిచాక గుండ్రం చేశావా?"

"గుండ్రంగా చేసి, ఆనక చువ్వ కాల్చి తొలుస్తానండీ" అంది అమలమ్మ. తను పదకొండేళ్ళుగా చేస్తున్న పద్ధతి అదే.

ఆయన దండని వెలుతురుకి ఎత్తి, పూసకీ పూసకీ మధ్య దారం సవరించి, రంధ్రంలోకి చూశాడు. "కాలిన మరక లేదే. లోపలంతా చెక్క రంగే ఉంది."

అమలమ్మ ఏదో ఒకటి చెప్పాలి. ఏం చెప్పాలో తెలియలేదు.

"బరమాతో తొలిచిందండీ." వంటింటి గుమ్మంలోంచి శౌరమ్మ గొంతు. "కొయ్య గట్టిది. చువ్వ దిగలేదు. అందుకని ఈ దండకి మాత్రం ముందు తొలిచి, ఆనక గుండ్రం చేసింది అక్క. బరమా తాడు లాగింది నేనే, అందుకని నాకు గుర్తుంది."

మాస్టారు తల తిప్పి శౌరమ్మని చూశాడు. ఆమె చేతుల వైపు కాసేపు చూశాడు. "ఈ అమ్మాయెవరు?"

"మా మరిది భార్యండీ" అంది అమలమ్మ నెమ్మదిగా.

"ఊఁ." ఆయన దండ సంచీలో పెట్టుకుని లేచాడు. "నా దగ్గర చాలామంది పిల్లలు ఆడారమ్మా. ఒకతె అడుగు తప్పితే పక్కనున్నది ముందుకి జరిగి కప్పేస్తుంది. చూసేవాళ్ళకి తెలియదు. తాళం వేసేవాడికి తెలుస్తుంది." గుమ్మం దాటుతూ "సాయంత్రంలోగా కబురు చేస్తాను" అన్నాడు.

రిక్షా కాలవగట్టు దిగి కనుమరుగయ్యే వరకూ ఇద్దరాడవాళ్ళూ నిలుచున్నచోటనే ఉన్నారు. గండం గడిచిందని అమలమ్మకి ఊరట కలగాలి. కలగలేదు. ఒళ్ళంతా మండినట్టయింది.

"ఎందుకట్టా చెప్పావు?" అంది.

"ఏం చెప్పాను?"

"నేను చేశానని."

"ముందు చెప్పింది నువ్వేగా అక్కా. నేను రెండోసారి చెప్పాను."

"నామీద జాలి పడ్డావా? నా ఇంట్లో నిలబడి, నా ముందే, నన్ను కాపాడావా? ఎంత గొప్పదానివే!"

శౌరమ్మ చేతిలోని గుడ్డ పక్కన పడేసింది. ఆ ఇంటికి వచ్చి పది నెలలైనా ఆమె గొంతు పెద్దది చేయడం అమలమ్మ ఎన్నడూ వినలేదు. ఇప్పుడు విన్నది.

"జాలి లేదు, ఏం లేదు. భయం! నాకీ ఇల్లు తప్ప వేరే చోటుందా? అమ్మానాన్నా ఆ నీళ్ళల్లోనే పోయారు. నలుగురిలో నిన్ను అబద్ధాలదాన్ని చేసి, మళ్ళా నువ్వు వడ్డించిన అన్నం ఏ మొహం పెట్టుకుని తినను? అందుకని చెప్పాను. చెప్తుంటే నా నోరు మండిపోయింది. ఆ దండ ఏ చెక్కతో చేశానో నీకు తెలుసా?"

"సంచీలో తెచ్చిన పలక."

"పలక కాదు. తలుపు. మా పెళ్ళికి బావగారు చేసి పంపిన తలుపు."

అమలమ్మకి గుర్తుకొచ్చింది. ఆరేళ్ళ క్రితం మరియదాసు నెలరోజులు కూర్చుని చేసిన టేకు తలుపు. లారీ మీద నాగాయలంక పంపించారు. తనే దానికి వార్నిషు వేసింది.

"నీళ్ళొచ్చినప్పుడు గోడలు కూలిపోయినై. ఆ తలుపొక్కటే తేలింది" అంది శౌరమ్మ. గొంతు తగ్గింది. "మీ మరిది నన్ను దానిమీదికి ఎక్కించాడు. తనూ ఎక్కబోతే అది మునిగింది. దిగిపోయాడు. మళ్ళా ఎక్కలేదు. అంచు పట్టుకుని ఉన్నాడు. ఏదో ఒకటి చెప్తానే ఉన్నాడు, నేను భయపడతానని. అన్నయ్య గట్టి తలుపు చేశాడే, అన్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను అక్కా. ఎంతసేపు మూసుకున్నానో తెలియదు. తెరిచి చూస్తే అంచు మీద చెయ్యి లేదు."

బయట కాలవలో పడవవాళ్ళు ఒకరినొకరు కేకేసుకుంటున్నారు. శౌరమ్మ గోడకి చేరగిలబడింది.

"ఆ తలుపులోంచి ఊడి మిగిలిన పలక మంచం కింద ఉంటే నిద్ర పట్టేది కాదు. అవతల పారేద్దామంటే చేతులొచ్చేవి కాదు. అప్పుడు నువ్వు చాకిచ్చావు. పెద్ద చెక్కని చూడలేకపోతున్నాను, చిన్న చిన్నవి చేసుకుంటే చూడగలనేమో అనిపించింది. యాభైమూడు చేశాను. జపమాలలో 'మంగళవార్త' జపం చెప్పే పూసలెన్నో అన్ని. సంవత్సరీకం నాటికి కొండమీద తల్లి మెళ్ళో వేస్తానని మొక్కుకున్నాను. అమ్మడానికి చెయ్యలేదు."

"మీ బావకి తెలుసా?"

"తన చేత్తో చేసిన తలుపు తెలియదా? నేను రంపం పెట్టి కోస్తుంటే చూసి, బయటికెళ్ళి కాలవ దగ్గర కూర్చున్నారు. మర్నాటి నుంచి జేబులో చెక్క తెచ్చి నా ముందు పెట్టేవారు. చాలమ్మా, ఇంక ఆ తలుపు కొయ్యమాక, ఇది కోసుకో అన్నారు. నీకు చెప్పొద్దని నేనే బతిమాలాను. చెప్తే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను ఆపుకోలేను."

ఇంత విన్న తరవాత కూడా అమలమ్మకి మొదట కలిగింది జాలి కాదు. తన భర్తకీ ఈ మనిషికీ మధ్య తనకి తెలియని మాట ఒకటి ఇన్నాళ్ళూ ఉందన్న మంట. దాని వెనకాలే ఇంకొకటి, అంతకంటే నీచమైనది. ఇంత దుఃఖం ఉంది కాబట్టే దాని చేతిలో పూస అంత అందంగా వచ్చింది, నాకు అది కూడా లేదు అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసి, అక్కడే గుమ్మం మీద కూలబడింది.

"నిన్ను చూస్తే నాకు కుళ్ళే" అంది. ఫాదరు దగ్గర రాని మాట ఇక్కడ వచ్చేసింది. "నీ చేతిని చూస్తే కుళ్ళు. ఆయన నీ ముందు చెక్క పెట్టినప్పుడల్లా నువ్వు ఈ ఇంటికి రాకపోయినా బాగుండేదనుకున్నాను. దేవుడా, ఎంత మాట అనుకున్నాను!"

శౌరమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"నాకు మాత్రం లేదనుకున్నావా? సాయంత్రం బావగారి సైకిలు బెల్లు వినపడగానే నువ్వు చెయ్యి తుడుచుకుని జుట్టు సవరించుకుంటావు. రోజూ అంతే. నేను మొహం గోడవైపు తిప్పుకుంటాను. నువ్వేదో పుణ్యం చేసినట్టు, నేనేదో పాపం చేసినట్టు. ఒక్కోరోజు ఆ సైకిలు రాకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. ఒక్కరోజు నీకూ తెలియాలని." ఆమె అమలమ్మ వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు, ఎవరిది ఎక్కువ?"

అమలమ్మ ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళ నిండా చాకు గాట్లు. ఇన్నాళ్ళూ ఆ చేతిని చూసి కుళ్ళుకుందే గానీ, దాని మీది గాట్లు చూడలేదు.

మధ్యాహ్నం అన్నాలు ఎవరికీ సయించలేదు. మూడు గంటలకి అమలమ్మ మొహం కడుక్కుని చీర మార్చుకుంది.

"ఎక్కడికక్కా?"

"దండ తేవడానికి."

"వాళ్ళకేం చెప్తావు?"

"ఉన్నదే చెప్తాను."

"మళ్ళా నిన్ను గడప తొక్కనిస్తారా? షాపులవాళ్ళకి తెలిస్తే? వద్దక్కా. ఎవరి మెళ్ళో ఉన్నా అది ఉంటుంది గదా. నేనింకోటి చేసుకుంటాను."

"దేంతో చేసుకుంటావు?" అంది అమలమ్మ. మంచం కింద సంచీలో పలక అయిపోయింది.

గట్టు దిగి రోడ్డెక్కి ఆమె నడుస్తూనే మాట కూడబలుక్కుంది. అది నేను చేసింది కాదండీ, మా శౌరమ్మ చేసింది. చిన్న మాటే. కానీ నాలుగడుగులు వేసేసరికి దానికి తోకలు మొలిచేవి. నేర్పింది నేనేనండీ. చాకు కూడా నాదేనండీ. ఆ తోకల్ని ఒక్కొక్కటే తెంపుకుంటూ వెళ్ళింది. రైలు గేటు దగ్గర "అది నేను చేసింది కాదండీ" అని పైకే అనేసింది. పక్కన సైకిలాయన తిరిగి చూశాడు. అక్కడ రిక్షా ఎక్కింది. కిరీటం, భుజకీర్తులు కళ్ళ ముందు మెరిశాయి, ఇంకా తనవే అన్నట్టు. సత్యనారాయణపురం దాకా అవి వదల్లేదు.

రాజ్యలక్ష్మి గారి ఇంటి గేటు తియ్యబోతూ ఆగిపోయింది. లోపల గోడకి ఆనించి ఒక సైకిలు ఉంది. హ్యాండిలుకి వేలాడుతున్న పనిముట్ల సంచీ తను కుట్టిందే. మరియదాసు ఈ వేళకి షాపులో ఉండాలి.

వరండాలోంచి అతని గొంతు వినపడింది.

"మీరు షాపుకి కబురు పంపారని వచ్చానండీ. నా కళ్ళతో చూశానండీ. రోజూ సాయంత్రం కూర్చుని ఒక్కొక్క పూసే చెక్కింది. మా అమలమ్మ చేసిందేనండీ. మీకు నమ్మకం లేకపోతే మరియమ్మ తల్లి మీద ఒట్టేసి చెప్తున్నాను."

అమలమ్మ గేటు వదిలేసింది. ఏనాడూ ఒట్టు పెట్టని మనిషి. ఒక రూపాయి ఎక్కువ చేతికొస్తే నాలుగు మైళ్ళు వెనక్కి వెళ్ళి ఇచ్చొచ్చే మనిషి. సొంత తమ్ముడి ప్రాణం పోయిన తలుపు చెక్క అని తెలిసి కూడా, తల్లి మీద అబద్ధపు ఒట్టు పెట్టాడు. తన కోసం. ఇప్పుడు తను వెళ్ళి నిజం చెబితే ఆ ఒట్టు ఏమైపోతుంది? ఇతను ఈ ఇంట్లో ఇక తలెత్తుకుంటాడా?

వెనక్కి తిరగబోయింది. అప్పుడు ఆమె ముక్కుకి వార్నిషు వాసన తగిలింది.

గేటు సందులోంచి చూసింది. వరండాలో పరిచిన న్యూస్ పేపరు మీద పూసలు విడివిడిగా పడి ఉన్నాయి. దారం తెంపేశారు. వెంకటసుబ్బారావు మాస్టారు బాసింపట్టు వేసుకుని కూర్చుని, మనవరాలి సెట్టుకి సరిపోయేలా రంగు పట్టించడానికి బంగారు పొడి కలిపిన వార్నిషులో కుంచె ముంచుతున్నాడు. పదో పన్నెండో పూసలు అప్పటికే పసుపుపచ్చగా మెరుస్తూ ఒక పక్కన ఆరుతున్నాయి. మిగిలినవి ఇంకా టేకు రంగులోనే ఉన్నాయి. ఆయన ఎడమచేత్తో ఇంకో పూస అందుకున్నాడు.

"ఆపండి!"

అది తన గొంతేనని అమలమ్మకి అరిచాక గానీ తెలియలేదు. గేటు తోసుకుని మెట్ల దాకా వచ్చేసింది. రాజ్యలక్ష్మి గారు కుర్చీలోంచి లేచింది. మరియదాసు చేతులు కట్టుకుని స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. భార్యని చూడగానే ఎవరికీ కనపడకుండా తల అడ్డంగా ఊపాడు. చెప్పమాక, అన్నట్టు.

మాస్టారు కుంచెని గిన్నె అంచున ఆనించాడు. బంగారు చుక్క ఒకటి పేపరు మీద పడింది.

"ఆపాను" అన్నాడాయన. "పొద్దున మీ తోడికోడలు నువ్వే చేశావంది. ఇప్పుడు మీ ఆయన ఒట్టేసి మరీ చెప్పాడు. ఇంత దూరం నువ్వు పరిగెత్తుకొచ్చావు. ఈసారి నువ్వు చెప్పిందే నమ్ముతానమ్మా. ఎవరు చేశారివి?"